కాలు లాగుతుంటే చూడాల్సింది నడుము

తెనాలి దగ్గర కాలువ కింద మూడెకరాలు కౌలుకు చేసే రైతు ఒకాయన, నాకు బావ వరస. 2022 ఆగస్టులో ఆయన ఎడమ కాలి చెప్పు ఒక్క వారంలో మూడుసార్లు దారిలో జారిపోయింది. ఒకసారైతే జారిన సంగతే తెలియలేదు. పది బారలు నడిచాక వెనకొచ్చే కూతురు కేకేస్తే అప్పుడు తిరిగి చూసుకున్నాడు. "పట్టీ సాగింది బావా, కొత్తవి కొనాలి" అన్నాడు నాతో. కొన్నాడు. అవీ జారిపోయాయి.

చెప్పుల్లో లోపమేమీ లేదు. పాదాన్ని పైకెత్తే నరం నడుం దగ్గర నలిగిపోతోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా రైతు పేజీకి రాస్తున్నాను. దుబ్బు మొదట్లో చూసి దోమ ఎంతుందో చెప్పగలను గానీ మనిషి పాదం వాలిపోతుంటే గుర్తుపట్టలేకపోయాను.

అంతకు నెల ముందు ఏం జరిగిందంటే, ఆఖరి దమ్ములో చల్లడానికి డీఏపీ తెచ్చాడు. 50 కిలోల కట్ట. మోటారు సైకిలు మీద నుంచి రెండు చేతులా పట్టి, కాళ్ళు కదపకుండా నడుం మాత్రం తిప్పి గట్టు మీదికి దించాడు. నడుంలో టక్కుమంది. ఆ పూట పట్టేసింది అనుకుని వేడినీళ్ళు పోసుకుని పడుకున్నాడు. మూడో రోజుకి నడుం నొప్పి తగ్గి కాలు అందుకుంది. పిరుదులో మొదలై తొడ పక్కగా, పిక్క బయటి వైపు నుంచి పాదం మీదికి, బొటనవేలి దాకా సలుపు. తుమ్మితే కాల్లో కరెంటు కొట్టినట్టుండేదట.

ఊళ్ళో వైద్యం చేసే ఆయన రోజు విడిచి రోజు ఇంజక్షను చేశాడు. మొత్తం ఎనిమిది. ఎనిమిదో దానికి సలుపు చాలా వరకు పోయింది. నాట్లు అవుతున్నాయి, మనుషుల వెంట ఉండాలి. నొప్పి పోయిందని సంబరపడ్డాడు. చెప్పు జారడం మొదలైంది సరిగ్గా ఆ వారమే.

ఈ జబ్బు పేరు సయాటికా. నరం పట్టింది, తుంటి నొప్పి, వాతం దిగింది అని ఊరికో పేరుతో పిలుస్తారు. ఆయుర్వేదంలో గృధ్రసి అన్నారు. గృధ్రం అంటే రాబందు. ఈ నొప్పి ఉన్న మనిషి ఒక కాలు ఈడ్చుకుంటూ ఒరిగి నడిచే తీరు రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారంటారు. రాబందు సంగతి మళ్ళీ వస్తుంది, మందుల దగ్గర చెబుతాను.

లాకు దగ్గర అడ్డం, శివారున ఎండ

నడుములో ఐదు పూసలున్నాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తలాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని డాక్టర్లు డిస్కు అంటారు. చుట్టూ గట్టి నార పొరలు, మధ్యలో జిగురులాంటి గుజ్జు. తాటిముంజెను ఒకవైపు నొక్కితే రెండో వైపు నుంచి నీళ్ళు చిమ్ముతాయి కదా. ముందుకు వంగి బరువెత్తినప్పుడు డిస్కు మీద పడే నొక్కుడు అలాంటిదే. నార పొరలు ఏళ్ళ తరబడి అరిగి చిట్లి ఉంటే లోపలి గుజ్జు వెనక్కి పొంగుకొస్తుంది. ట్రాక్టరు టైరు చిరిగిన చోట ట్యూబు బుడగలా బయటికి వచ్చినట్టు. సరిగ్గా అక్కడే కాలికి వెళ్ళే నరాల వేళ్ళు ఉంటాయి. పొంగిన డిస్కు వాటిని నొక్కుతుంది, గుజ్జు తగిలిన చోట నరం వాస్తుంది కూడా.

నడుం కింది భాగం నుంచి, దాని దిగువ ఎముక నుంచి వచ్చే ఐదు వేళ్ళు కలిసి ఒక పెద్ద నరం అవుతుంది. మన ఒంట్లో అన్నిటికంటే లావు నరం ఇదే, రమారమి బొటనవేలంత ఉంటుంది. పిరుదు లోతుల్లోంచి తొడ వెనగ్గా దిగి, మోకాలి దగ్గర రెండుగా చీలి పాదాల దాకా పోతుంది. నొక్కేది పైన, నొప్పి తెలిసేది కింద. డెల్టా రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. శివారు చేను ఎండుతుంటే ఆ రైతు తన బోదె ఎంత తవ్వుకున్నా లాభం లేదు, పైన లాకు దగ్గర ఏం అడ్డుపడిందో చూడాలి. పిక్క నొప్పని పిక్కకి ఎంత తైలం రుద్దినా అంతే.

చాలామందికి కింది రెండు డిస్కుల దగ్గరే వస్తుంది. నాలుగు, ఐదు పూసల మధ్య పొంగితే సాధారణంగా నొప్పి పాదం మీదికి, బొటనవేలి వైపుకి పోతుంది. దాని కిందిది పొంగితే పిక్క వెనగ్గా మడమకి, చిటికెనవేలి వైపుకి పోతుంది. మా బావది మొదటి రకం. నాది రెండోది.

ఔను, నాకూ వచ్చింది. 2016లో. బస్తా ఎత్తి కాదు. రోజూ 60 కిలోమీటర్లు గతుకుల రోడ్ల మీద మోటారు సైకిలు, ఇంటికొచ్చి కింద కూర్చుని పీట మీద కాగితాలు పెట్టుకుని రాత. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ పంపు దగ్గర వంగాను, ఇక లేవలేకపోయాను. ఆ తర్వాత కుడి పిక్కలో నిప్పు పెట్టినట్టుండేది. కూర్చుంటే నొప్పి, దగ్గితే నొప్పి. మరుగుదొడ్లో గొంతుక్కూర్చోవడం నరకం. మా అమ్మ వావిలాకు కాపడం పెట్టేది, హాయిగా ఉండేది, అరగంటకి మళ్ళీ మామూలే. కాపడం తప్పేమీ కాదు. కాకపోతే కాలు తిమ్మిరెక్కి ఉన్నవాళ్ళు, సుగరున్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి, కాలినా తెలియదు.

పన్నెండు రోజులు మంచం దిగలేదు. అదీ నులక మంచం. నడుం దగ్గర గుంట పడిన మంచంలో పడుకుంటే నడుం రాత్రంతా వంగే ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. పదమూడో రోజున గుంటూరులో ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోతే ముందు మందలించారు, తర్వాత చూశారు. "ఎవరయ్యా నిన్ను పడుకోమన్నది? లే, నడు" అన్నారు.

పడుకుంటే తగ్గదు

ఈ విషయం మీద నెదర్లాండ్సు డాక్టర్లు 183 మంది రోగులను రెండు జట్లు చేసి చూశారు, 1999లో ప్రకటించారు. ఒక జట్టుని రెండు వారాలు మంచం మీదే ఉండమన్నారు. రెండో జట్టుని చేతనైనంత మటుకు తిరగమన్నారు. 12 వారాలు అయ్యాక చూస్తే రెండు జట్లలోనూ 87 శాతం మందికి నయం కనిపించింది. అంటే మంచం మీద ఉన్నందువల్ల కలిసొచ్చిందేమీ లేదు. పనులు పోగొట్టుకోవడం, కండ పలచబడటం మాత్రం మిగులుతుంది. మరీ లేవలేనప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. అంతకుమించి వద్దు.

అదే లెక్కలో ఇంకో మంచి మాట ఉంది. ఎక్కువమందికి ఆపరేషను లేకుండానే ఈ నొప్పి వారాల్లో తగ్గుముఖం పడుతుంది. పొంగిన గుజ్జును ఒళ్ళే మెల్లమెల్లగా పీల్చుకుంటుంది, నరం వాపు తగ్గుతుంది. దానికి టైము పడుతుంది, ఆరు వారాలు కావచ్చు, పన్నెండు కావచ్చు. ఓపిక పట్టేవాడు కోలుకుంటాడు. కానీ నాట్ల రోజుల్లో రైతుకి ఆరు వారాల ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంజక్షన్ల వెంటపడేది అందుకే. కౌలు కట్టాల్సినవాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

నాకు తొమ్మిది వారాలు పట్టింది. ఏం చేశానో చెబుతాను. మొదటి వారం పొద్దునా సాయంత్రం ఇంటి ముందు పది నిమిషాలు నడక, తర్వాత పావుగంట, తర్వాత కాలవగట్టు దాకా. నేల మీద బొంత పరుచుకుని పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య తలగడ పెట్టుకుని పడుకునేవాణ్ణి. కటిక నేల మీదే పడుకోవాలన్న నియమమేమీ లేదు, పక్క గుంట పడకుండా ఉంటే చాలు. అరగంటకు మించి కూర్చోకుండా లేచి తిరిగేవాణ్ణి. రాత పని బల్ల మీదికి మారింది. మోటారు సైకిలు రెండు నెలలు ముట్టుకోలేదు, బస్సులో నిలబడి పోయాను.

ఫిజియోథెరపీలో ఒక కసరత్తు నేర్పారు. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ మెల్లగా లేపి, కాసేపుంచి దించడం. చూడ్డానికి తేలిక. ఇందులో కనిపెట్టాల్సిన గుర్తు ఒకటుంది. అలా చేస్తున్నప్పుడు నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి, తొడ నుంచి నడుంలోకి వెనక్కి ఎక్కుతుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, మంచిదే. అదే నొప్పి ఇంకా కిందికి పాకితే మానేయాలి. ఇది అందరికీ పడదు. ఒకసారి చూపించుకుని నేర్చుకోండి, పక్కింటాయన చేశాడని మొదలెట్టొద్దు.

నొప్పి కాదు, బలం చూసుకోండి

మా బావ దగ్గరికి వద్దాం. ఆయన నొప్పి తగ్గిందనుకున్నాడు. తగ్గిన మాట నిజమే. నరం బాగా నలిగిపోయినప్పుడు కూడా నొప్పి తగ్గొచ్చు. సలపడానికి అందులో జీవం ఉండాలిగా. నొప్పి ఎంత పెద్దదన్నది అసలు కొలబద్ద కాదని ఆ ఇంట్లో జరిగినదాన్ని చూశాకే నాకు అర్థమైంది. నొప్పితో గిలగిల్లాడిన నా కాలికి ఏమీ కాలేదు. నొప్పి పోయిందన్న ఆయన కాలు పడిపోయింది.

అందుకే సయాటికా ఉన్న ప్రతి మనిషీ ఇంట్లో రోజూ ఈ మూడు పనులు చేసి చూసుకోవాలి. గోడ పట్టుకుని మడమల మీద పది అడుగులు నడవాలి. మునివేళ్ళ మీద పది అడుగులు నడవాలి. రెండు కాళ్ళ బొటనవేళ్ళనూ పైకెత్తి పెట్టి, ఇంట్లోవాళ్ళని వేలితో కిందికి నొక్కమనాలి. ఒక కాలు రెండోదానికంటే తేలిగ్గా లొంగిపోతుంటే, మడమ మీద నిలబడితే పాదం నేలకి కొట్టుకుంటుంటే, చెప్పు తెలియకుండా జారుతుంటే, నొప్పి ఉన్నా లేకున్నా ఆ వారంలోనే పెద్దాసుపత్రికి పోవాలి. బలం రోజురోజుకీ తగ్గుతుంటే మర్నాటికి కూడా ఆగొద్దు.

ఒక్క గంట కూడా ఆగకూడని గుర్తులు వేరే ఉన్నాయి. మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. దొడ్డికి పోయినా తెలియకపోవడం. సైకిలు సీటు తగిలే చోట, అంటే తొడల మధ్య, మొద్దుబారడం. రెండు కాళ్ళూ ఒకేసారి పట్టు తప్పడం. నడుం అడుగున నరాల కుచ్చు మొత్తం నలిగితే ఇలా అవుతుంది. చాలా అరుదు. వస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లో ఆపరేషను జరగకపోతే మూత్రం అదుపు జీవితాంతం పోవచ్చు. మగవాళ్ళు సిగ్గుపడి, ఆడవాళ్ళు ఎవరికి చెప్పాలో తెలియక ఈ మాట దాస్తారు. దాచకండి. రాత్రి పన్నెండైనా సరే బయల్దేరండి.

జ్వరం, బరువు తగ్గిపోవడం, రాత్రిపూట పడుకున్నా తగ్గని నడుం నొప్పి ఉంటే అది డిస్కు కాకపోవచ్చు. మన దగ్గర వెన్నుపూసలకి క్షయ రావడం తక్కువేమీ కాదు. అది నరం నొప్పి మాత్రలతో పోయేది కాదు.

కాలు లాగిన ప్రతిదీ సయాటికా కూడా కాదు. సుగరున్నవాళ్ళకి రెండు అరికాళ్ళూ మంటలెత్తుతాయి, నడుంతో సంబంధం ఉండదు. చుట్ట, బీడీ ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకి కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, నిలబడగానే వదిలేస్తుంది. అది రక్తనాళం మూసుకుపోయే జబ్బు, అశ్రద్ధ చేస్తే వేలు తీసేయాల్సి వస్తుంది. అరవై దాటిన పెద్దవాళ్ళకి నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికవుతుంది. నడవలేని తాత సైకిలు మాత్రం తొక్కుతాడు. వెన్నులో నరాలు పోయే దారి సన్నబడితే అలా ఉంటుంది. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. వైద్యం దేనికది వేరు.

డాక్టరు చేసే మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. సగం లేవకముందే తొడ వెనగ్గా మోకాలి కిందికి కరెంటు పాకితే నరం నొక్కుడు ఉన్నట్టే లెక్క. మనవాళ్ళు దీనికి తృప్తి పడరు. ఎమ్మారై తీస్తేనే వైద్యం అనుకుంటారు. 1994లో అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే అందులో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. నొప్పి లేదు, ఉబ్బు ఉంది. కాబట్టి ఫిలింలో ఉబ్బు ఉందని బెంబేలు పడక్కర్లేదు. బలం తగ్గినా, ఆపరేషను ఆలోచన ఉన్నా, వేరే జబ్బు అనుమానం ఉన్నా అప్పుడు ఎమ్మారై తప్పదు. మామూలు ఎక్సురేలో డిస్కు కనపడదు, నరమూ కనపడదు.

ఇంజక్షను, మాత్ర, రాబందు

పల్లెల్లో నడుం నొప్పికి వాడే మందుల్లో ముందుండేది డైక్లోఫెనాకు. ఈ పేరు పశుపోషకులకు బాగా తెలుసు. పశువులకి దీన్ని వాడటం 2006లో మన దేశంలో నిషేధించారు. మందు పడిన పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో చచ్చిపోయాయి. పెద్ద సీసాలు పశువులకి మళ్ళుతున్నాయని 2015లో మనుషుల ఇంజక్షను సీసాను కూడా 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. మనిషి రాబందు కాదు, డాక్టరు చెప్పిన మోతాదులో నాలుగు రోజులు వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. అయితే ఎండలో నీళ్ళు తాగకుండా మందు కొట్టి వచ్చి, పరగడుపున ఆ మాత్ర మింగి, అలా నెలల తరబడి సాగిస్తే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీకి దెబ్బ తగులుతుంది. బీపీ, సుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడక్కుండా ముట్టుకోనే కూడదు.

ఇంజక్షనుతో ఇంకో ప్రమాదం ఉంది. పిరుదుకి చేసే సూది పైభాగంలో, బయటి వైపుకి పడాలి. లోపలికో కిందికో పడితే ఆ లావు నరానికే తగలొచ్చు. నొప్పి తగ్గించమని వెళ్ళినవాడు పాదం పడిపోయి బయటికి వస్తాడు. సూది పడిన క్షణంలోనే కాల్లోకి మంట దూసుకుపోతే వెంటనే ఆపమని అరవండి, మొహమాటపడొద్దు.

నరాల మాత్రలని కొన్ని రాస్తుంటారు. వాటిలో ప్రీగాబాలిన్ అనే మందుని ఆస్ట్రేలియాలో సయాటికా రోగుల మీద పరీక్షించి 2017లో చెప్పింది ఏమిటంటే, ఉత్తుత్తి మాత్రకి దానికీ తేడా లేదు, కళ్ళు తిరగడం మాత్రం దీనికే ఎక్కువ. ట్రాక్టరు తోలేవాళ్ళు, రాత్రిపూట మోటారు వేయడానికి పోయేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. డాక్టరు వేరే కారణంతో రాసి ఉండొచ్చు, అడగండి. వాడుతున్నది ఒక్కసారిగా మానేయకండి.

కట్లు కట్టించుకోవడానికి పుత్తూరు పోయేవాళ్ళున్నారు. విరిగిన ఎముకకి కట్టు కడతారు, ఇక్కడ విరిగిన ఎముక లేదు. పిక్క మీద వాతలు పెట్టించుకున్న ముసలాయన్ని చూశాను. కాలిన పుండు మానడానికి రెండు నెలలు పట్టింది, నొప్పి ఎప్పటిలాగే ఉంది. నడుం బెల్టు బయటికి పోయేటప్పుడు కొద్ది గంటలు పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, అంతే.

ఆపరేషను ఎవరికి?

ఆపరేషను పేరెత్తితే ఊళ్ళో రెండు మాటలే వినపడతాయి. చేయించుకుంటే కాళ్ళు పోతాయని ఒకరు, చేయించుకుంటే తెల్లారేసరికి లేచి తిరగొచ్చని ఒకరు. రెండూ పూర్తి నిజాలు కావు. నెదర్లాండ్సులోనే ఆరు వారాలు దాటినా తీవ్రమైన కాలి నొప్పి తగ్గని 283 మందిని తీసుకుని, సగం మందికి వెంటనే ఆపరేషను చేశారు, మిగతావాళ్ళని ఆగి చూశారు. 2007లో చెప్పిన ఫలితం ఇది: ఆపరేషను చేయించుకున్నవాళ్ళకి నొప్పి తొందరగా తగ్గింది. ఆగినవాళ్ళలో 39 శాతం మంది తర్వాత చేయించుకోవాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు జట్లూ సమానం.

కనుక బలం తగ్గకుండా ఒట్టి నొప్పే అయితే తొందర లేదు. ఆరు నుంచి పన్నెండు వారాలు చూసి, అప్పటికీ భరించలేకపోతే ఆలోచించుకోవచ్చు. బలం తగ్గుతుంటే లెక్క మారిపోతుంది. గుంటూరు పెద్దాసుపత్రి, విశాఖ కేజీహెచ్, హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో నరాల ఆపరేషన్ల విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద మీ ఆపరేషను వస్తుందో లేదో చేరక ముందే ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి. అప్పు చేశాక అడిగితే లాభం లేదు.

మా బావని ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పాదం వాలి మూడు వారాలు దాటింది. ఎమ్మారై తీశారు, నాలుగో రోజున ఆపరేషను చేశారు. "మొదటి వారంలో వచ్చుంటే బాగుండేది" అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఆయనతో కాదు, పక్కకి పిలిచి నాతో అన్నారు. నేను ఇంటికొచ్చాక కూడా మా అక్కకి చెప్పలేదు.

కట్ట బరువు, పంపు బరువు

చేలో నడుం మీద పడే బరువు ఎంతో ఎవరూ లెక్క వేసుకోరు. మందు కొట్టే పంపు 16 లీటర్లది అనుకుందాం. నీళ్ళే 16 కిలోలు, పంపుతో కలిపి 20 దాటుతుంది. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండు, పదమూడు ట్యాంకులు. మూడెకరాలకి నలభై సార్లు నేల మీద నుంచి ఒక చేత్తో లేపి, ఒక భుజం మీదికి తిప్పి, నడుం మెలితిప్పి తగిలించుకోవాలి. మోయడం కంటే ఆ మెలి చెడ్డది. నడుమెత్తు దిమ్మె ఒకటి బోదె పక్కన కట్టుకుని, పంపు దాని మీద పెట్టి నింపి, దానికి వీపు ఆనించి రెండు పట్టీలూ తగిలించుకుని లేస్తే ఆ నలభై మెలికలూ తప్పుతాయి. నాలుగు సిమెంటు ఇటుకల ఖర్చు. దిమ్మె లేకపోతే ట్రాక్టరు ట్రక్కు అంచు చాలు.

యూరియా కట్ట 2018లో 50 నుంచి 45 కిలోలకి తగ్గింది. డీఏపీ ఇంకా 50. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. మగ మనిషి చేత్తో మోయించే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫార్సు చేసింది 1967లో. మనకి బస్తా అంటే ఇప్పటికీ 75 కిలోలే. మిల్లుల దగ్గర, యార్డుల్లో ముఠా కూలీల నడుములు నలభై ఏళ్ళకే ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. రైతు సొంతంగా దించుకునేటప్పుడు ఇద్దరు పట్టాలి. ఒక్కడే అయితే కట్ట విప్పి రెండు గోతాల్లోకి పంచుకోవాలి. ఎత్తేటప్పుడు బరువు పొట్టకి ఆనించుకుని, మోకాళ్ళు వంచి లేవాలి. తిరగాలంటే పాదాలు తిప్పాలి, నడుం కాదు. మా బావ చేసిన పొరపాటల్లా అదే.

ఇక నాట్లు. పొద్దున ఏడు నుంచి వంగిన నడుం మధ్యాహ్నం దాకా లేవదు. నాటేది ఆడవాళ్ళు. వాళ్ళలో కాలు లాగనివాళ్ళు ఎంతమంది అని ఒక ముఠాని అడిగితే పకపకా నవ్వారు. "లాగకపోతే కూలేం చేసినట్టు అన్నాయ్" అందొకావిడ. వాళ్ళ నొప్పికి ఇంజక్షను కూడా లేదు, ఇంట్లో మిగిలిన మాత్రే. గంటకి రెండుసార్లు లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి నాలుగైదుసార్లు వంగితే నడుముకి ఊరట. గుత్తకి నాటేవాళ్ళు ఆ రెండు నిమిషాలు పోగొట్టుకోలేమంటారు. పొలం రైతు ముందే చెప్పి ఆగనిస్తే నాటు ఏమీ చెడదు. వెదజల్లే పద్ధతి, డ్రమ్ సీడరు, నాటు యంత్రం వచ్చినచోట ఈ వంగుడు తప్పుతోంది, దానితోపాటే ఆ కూలీ కూడా పోతోంది. అది వేరే కథ, ఇంకో వారం రాస్తాను.

ట్రాక్టరు తోలేవాళ్ళకి సీటు స్ప్రింగు పోతే గెత్తపు అదురంతా నడుం పూసల మీదే పడుతుంది. ఇంజను ఆయిలు మార్చినంత శ్రద్ధగా సీటు మార్చుకోండి. ఎక్కి దిగేటప్పుడు దూకొద్దు. చుట్ట, బీడీ డిస్కుని కూడా పాడు చేస్తాయి, దానికి అందే రక్తం ముందే తక్కువ, పొగ దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

మా బావకి ఆపరేషను తర్వాత నొప్పి లేదు. పాదం బలం ఏడాదిన్నరలో సగం పైగా వచ్చింది, బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు. తడి గట్టు మీద ఎడమ కాలు తడబడుతుంది, అందుకని చేతిలో కర్ర. మూడెకరాల్లో ఎకరంన్నర వదిలేశాడు. మిగిలినది వెదజల్లుతున్నాడు. బోదె పక్కన దిమ్మె కట్టించాడు, పంపు అల్లుడు వేసుకుంటాడు. పోయిన నెల కనపడితే పాదాల వైపు చూశాను. వెనక పట్టీ ఉన్న చెప్పులు. "ఇవైతే జారవు బావా" అన్నాడు.